నలభై రెండు గేట్ల లోపు

"ఇది రాసిన మహానుభావుడు ఎవరు?"

తలుపు తోసుకుని లోపలికి వస్తూనే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. చేతిలో చాపలా చుట్టిన పొడుగాటి కాగితం. మా గదిలో మేం ఆరుగురం కూర్చుంటాం. మిగతా అయిదుగురూ ఏకగ్రీవంగా నా వైపు చూశారు. ఇలాంటి స్నేహితులుంటే వేరే శత్రువులు అక్కర్లేదు.

"నేనేనండీ," అని లేచి నిలబడ్డాను.

ఆమె కాగితాన్ని నా టేబుల్ మీద పరిచింది. అడ్డంగా ఉన్న నా పెన్నుల స్టాండు తీసి కిటికీలో పెట్టింది. నేను దాన్ని తెచ్చి మళ్ళీ దాని చోట పెట్టాను. ఆమె మళ్ళీ తీసి కిటికీలో పెట్టింది. ఈసారి నేను ఊరుకున్నాను.

"ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. ఎన్నున్నాయో లెక్కపెట్టండి."

"యాభై ఎనిమిది."

"నలభై రెండు దాటితే నా మెషీన్‌కి మతిపోతుంది. మరి ఈ యాభై ఎనిమిది ఎవరి మెషీన్ కోసం రాశారు?"

"లెక్క ప్రకారం కరెక్టేనండీ. ఒక్క తప్పు చూపించండి చూద్దాం."

"తప్పని ఎవరన్నారు? పనికిరాదన్నాను."

నా ముఖం కందగడ్డ అయ్యింది. కుర్చీ వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు వెలిగింది నాకు, బిల్డింగ్ అంతా 'ఫ్రిజ్ మేడమ్' అని చెప్పుకునేది ఈవిడ గురించేనని.

మా బిల్డింగ్ బేస్‌మెంట్లో ఒక చిన్న క్వాంటమ్ కంప్యూటర్ ఉంది. పైకప్పుకి వేలాడదీసిన తెల్లటి డ్రమ్ము. దాని లోపల చలి ఎంతంటే, మన భాషలో దానికి సరిపోయే తిట్టు కూడా లేదు. ఆ చలిలో ఏడు క్యూబిట్లు వరసగా ఉంటాయి. లెక్కలు చేసేవి అవే. వాటి ఆలనాపాలనా చూసేది ఈవిడ. మూడో అంతస్తులో నేను రెండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా, ఒక్కసారి కూడా కిందికి దిగి చూసిన పాపాన పోలేదు.

నా పనేమిటో కూడా చెప్పాలి. 'ఇల్లు మారాలి' అని మనం ఒక్క మాటలో అనేస్తాం. బీరువా ఎవరెత్తాలి, మంచం ఎటు తిప్పితే గుమ్మం దాటుతుంది, ముందు ఏది బయటికి వెళ్ళాలి అన్నది ఎవరో ఒకరు కూర్చుని రాయాలి కదా. క్వాంటమ్ మెషీన్‌తో కూడా అంతే. శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద ఆపరేషన్లు అడుగుతారు. మెషీన్‌కి చేతనయినవి మాత్రం నాలుగైదు చిన్న పనులు. వాటినే గేట్లంటారు. ఆమె ఎర్ర సిరాతో చుట్టింది వాటినే. పెద్ద ఆపరేషన్ని చిన్న గేట్లుగా విడగొట్టి, వరస రాసిపెట్టే ప్రోగ్రామ్ నాది. దాన్ని కంపైలర్ అంటారు. మా అమ్మకి ఇదంతా ఒక గంట విడమరిచి చెబితే, "గేట్ల పనే అయితే ముందు మన వీధి గేటు సంగతి చూడు, కిర్రుమంటోంది," అంది.

"కూర్చోండి, చెప్తాను," అంది ఆ అమ్మాయి. నా గదిలో నన్నే కూర్చోమంది. కూర్చున్నాను.

"ఈ నెల ముప్పైన కమిటీ వస్తోంది. అప్పటికప్పుడు ఒక ఆపరేషన్ చేతికిస్తారు. మీ ప్రోగ్రామ్ దాన్ని గేట్లుగా రాయాలి, నా మెషీన్ నడపాలి. వెయ్యిసార్లు నడిపితే సగం సార్లయినా సరైన జవాబు రావాలి. రాకపోతే ఒకటో తారీఖున స్విచ్ ఆపేసి, గది వేరేవాళ్ళకిచ్చేస్తారు."

"ఆపితే మళ్ళీ వేసుకోవచ్చు కదండీ?"

ఆమె నా వైపు అదోలా చూసింది. "ఆరేళ్ళండీ. ఆరేళ్ళు ఒక్కదాన్నే దానికి ఒక్కో తీగె కలుపుకుంటూ వచ్చాను. విప్పేస్తే మళ్ళీ ఎవరూ కట్టరు."

అంతవరకూ ఖంగుమన్న గొంతు ఆ చివరి మాట దగ్గర సన్నబడింది. కాగితం అంచుని వేలితో సరిచేస్తూ కిందికి చూసింది. కోపంగా ఉన్నప్పుడు ఆ కళ్ళు పెద్దవనుకున్నాను. దిగులుగా ఉన్నప్పుడు ఇంకా పెద్దవి.

"చేద్దామండీ," అన్నాను. ఎలా చేస్తానో నాకే తెలియదు.

"రేపు తొమ్మిదికి కిందికి రండి. స్వెట్టర్ తెచ్చుకోండి, అక్కడ బాగా చలి."

మర్నాడు స్వెట్టర్, దాని మీద కోటు, మెడకు మఫ్లర్, చేతులకి గ్లౌజులతో దిగాను. బేస్‌మెంట్లో ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె పొట్టి చేతుల చొక్కాతో హాయిగా ఉంది. మూలన పొడుగాటి టెక్నీషియన్ ఒకాయన నన్ను చూసి గోడవైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"చలి డ్రమ్ములో ఉంటుందండీ, గదిలో కాదు," అంది ఆమె, నవ్వు పెదాల మధ్య నొక్కిపెట్టి.

"మరి నిన్న..."

"నిన్న మీరు 'ఒక్క తప్పు చూపించండి' అన్నారు కదా. ఇదిగో, చూపించాను."

అలా మొదలయ్యింది మా సహకారం.

చిక్కు ఎక్కడుందో రెండో రోజుకి తేలింది. క్యూబిట్లు వరసలో పక్కపక్కన ఉంటేనే కలిసి పనిచేస్తాయి. ఒకటోదానికీ అయిదోదానికీ పని పడిందనుకోండి, మధ్యలోవాటితో చోట్లు మార్పించుకుంటూ ఒకదాన్ని ఇంకోదాని పక్కకి తేవాలి. ఒక్కో మార్పిడికి మూడు గేట్లు ఖర్చు. ఒక్కో గేటు దగ్గరా మెషీన్ కొంచెం కొంచెం తడబడుతుంది. అన్నీ అయ్యాక నా ప్రోగ్రామ్ మళ్ళీ అందరినీ పాత చోట్లకి పంపుతుంది. దానికి ఇంకో నాలుగు మార్పిడులు, అంటే పన్నెండు గేట్లు.

"ఈ చివరి పన్నెండూ ఎందుకు?" అంది ఆమె.

"ఎక్కడ తీసింది అక్కడ పెట్టాలండీ. నా ప్రోగ్రామ్‌లో మొదటి రూలు అది."

"ఎవరు పెట్టారా రూలు?"

"నేనే. నాకు మా అమ్మ పెట్టింది."

"సినిమా అయిపోయాక బయటికి వచ్చేస్తారా, ఇంటర్వెల్లో వదిలేసిన పాత సీటుకి పోయి ఒకసారి కూర్చుని వస్తారా?"

"వచ్చేస్తాను."

"మరి నా క్యూబిట్లని ఎందుకు కూర్చోబెడుతున్నారు సర్దుడుగారూ? ఎవరు ఎక్కడున్నారో గుర్తుపెట్టుకుంటే సరిపోదూ?"

నాకు వెంటనే ఒప్పుకోబుద్ధి కాలేదు. ఒక పూటంతా వాదించాను. పద్ధతి అన్నాను, క్రమశిక్షణ అన్నాను. ఆమె ఒక స్పానర్ తెచ్చి, నేను కిందికి తెచ్చుకున్న పెన్నుల స్టాండులో పెట్టింది. నేను తీసి దాని డబ్బాలో పెట్టాను. మళ్ళీ తెచ్చి పెట్టింది. అయిదోసారికి నాకూ నవ్వొచ్చింది. ఆ సాయంత్రమే ఆ రూలు కొట్టేశాను. యాభై ఎనిమిది కాస్తా నలభై ఆరయ్యింది.

మిగతావి ఇద్దరం కలిసి కోసుకుంటూ వచ్చాం. మొదట్లోనే ఎవరిని ఎక్కడ కూర్చోబెడితే తక్కువ తిరుగుళ్ళుంటాయో ఆమె చెప్పేది. మూడోది నీరసంగా ఉంది దాన్ని చివర పెట్టు, ఆరోదీ ఏడోదీ బాగా కలిసుంటాయి వాటిని విడదీయకు, అంటూ ఏడుగురు పిల్లల తల్లిలా మాట్లాడేది. నేను అదంతా ప్రోగ్రామ్‌కి నేర్పేవాణ్ణి. పదో రోజుకి ముప్పై తొమ్మిదికి దిగాం. రిహార్సల్‌కి ఒక తేలిక ఆపరేషన్ తీసుకున్నాం. చివర్లో ఒక్కో క్యూబిట్ సున్నా అయినా చెబుతుంది, ఒకటి అయినా చెబుతుంది; ఆ ఏడు అంకెల వరసే జవాబు. దాని జవాబు ఏడూ ఒకట్లే. మళ్ళీ మళ్ళీ నడిపాం. ప్రతిసారీ ఏడూ ఒకట్లే, వెయ్యికి ఆరువందల పైచిలుకు. టెక్నీషియన్ ఈల వేశాడు.

అంతా బాగానే ఉంది, నా మనసు తప్ప. ఒకరోజు టీ కప్పులు పట్టుకుని వస్తుంటే తలుపు అవతలనుంచి ఆమె గొంతు వినబడింది.

"ఏం బంగారం, ఇవాళ అలిగావా? సాయంత్రం దాకా ఓపిక పట్టు నాన్నా, ప్లీజ్."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాతో మాట్లాడినప్పుడు ఎప్పుడూ స్పానర్‌తో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. తలుపు బయటే రెండు కప్పులూ నేనే తాగేసి వెళ్ళిపోయాను.

రెండు రోజులు ముభావంగా తిరిగాను. మూడో రోజు సాయంత్రం బయటికి వచ్చేసరికి వాన. చినుకు కాదు, ఎవరో పై అంతస్తులోంచి బకెట్లతో గుమ్మరిస్తున్నట్టు వాన. నాకు గొడుగు లేదు. ఆమె గొడుగుకి ఒక పుల్ల విరిగింది.

"రండి, బస్‌స్టాప్ దాకా," అంది.

విరిగిన పుల్ల నా వైపే వచ్చింది. నా ఎడమ భుజం మీద ధారగా కారుతోంది. కుడి భుజం ఆమె భుజానికి ఆనుకుని ఉంది. సగం మనిషి స్నానం చేస్తున్నాడు, సగం మనిషి స్వర్గంలో ఉన్నాడు.

"ఏంటండీ రెండ్రోజులుగా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నారు?"

ఇక ఆగలేకపోయాను. "మీ బంగారంగారు ఏం చేస్తుంటారు?"

"ఎవరు?"

"అదే... మొన్న ఫోన్లో... అలిగినాయన."

ఆమె నడక ఆపేసింది. గొడుగు ఆమెతో ఆగింది, నేను రెండడుగులు ముందుకెళ్ళి నిండా తడిశాను. వెనక్కి తిరిగి చూస్తే పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"డ్రమ్మండీ బాబూ! ఆ రోజు పంపు మొరాయిస్తేనూ... దాంతో మాట్లాడుతున్నా!" అని మళ్ళీ నవ్వు. ఆ నవ్వులో బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది కూడా. నేను ఆ డ్రైవరుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాతి బస్సు కోసం అరగంట నిలబడ్డాం. వాళ్ళ నాన్నకి ఫోటో స్టూడియో ఉందనీ, స్కూళ్ళలో ఆఫీసుల్లో గ్రూప్ ఫోటోలు తీస్తారనీ చెప్పింది. ముప్పయ్యో తారీఖున ఆయన్ని రమ్మందట.

"గెలిస్తే గెలిచాం. లేకపోతే, పోయేముందు దానితో మా అందరికీ ఒక ఫోటో అయినా ఉండాలి కదా," అంది. ఇప్పుడు నవ్వడం లేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుని 'పోదు, పోనివ్వను' అందామనుకున్నాను. బస్సు వచ్చింది. బస్సులు నా విషయంలో ఎప్పుడూ ఇంతే.

ముప్పయ్యో తారీఖు రానే వచ్చింది.

కమిటీలో ముగ్గురు. పెద్దావిడ ఒకరు ఛైర్మన్. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైనుంచి చూస్తే ఎదుటివాడు చెయ్యని తప్పు కూడా ఒప్పేసుకుంటాడు. బేస్‌మెంట్ గోడవారగా మా వాళ్ళంతా, మా ఆఫీసు పెద్దసారుతో సహా, నిలబడ్డారు. ఆమె నాన్నగారు కెమెరా సంచితో తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నారు.

ఛైర్మన్ మేడమ్ సీలు వేసిన కవరు చింపి ఆపరేషన్ ఉన్న కాగితం నాకిచ్చారు. జవాబున్న కాగితం తన దగ్గరే ఉంచుకున్నారు. నేను ఆపరేషన్ ఎక్కించాను. స్క్రీన్ మీద గేట్ల సంఖ్య వచ్చింది. నలభై ఒకటి.

ఆమె ఊపిరి వదిలింది. "నడుపుతున్నా."

వెయ్యి పరుగులకి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది, తనకి తెలియకుండానే. స్క్రీన్ మీద ఎత్తుగా ఒక్కటే ఒక్క గీత లేచింది. వెయ్యికి ఆరువందల పన్నెండు సార్లు ఒకే జవాబు.

"వచ్చేసింది!" అని టెక్నీషియన్ అరిచాడు.

ఛైర్మన్ మేడమ్ తన కాగితం చూశారు. స్క్రీన్ చూశారు. మళ్ళీ కాగితం చూశారు.

"సారీ అమ్మా. ఇది కాదు జవాబు."

చొక్కా మీద పట్టు వదులయ్యింది. మా పెద్దసారు "పోనీలే అమ్మా, నువ్వు చెయ్యాల్సింది చేశావు," అన్నారు. ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ముఖం కడిగిన పలకలా పెట్టుకుని, "నాన్నా, ఫోటో తీసెయ్యి," అంది.

కమిటీ వాళ్ళు కాగితాలు సర్దుకుంటున్నారు. మేం డ్రమ్ము చుట్టూ నిలబడ్డాం. పెద్దసారు మధ్యలో కుర్చీలో, ఆమె డ్రమ్ము పక్కన, నేను వెనక వరసలో చిట్టచివర. నాన్నగారు చిన్న పుస్తకంలో ఎడమనుంచి కుడికి అందరి పేర్లూ రాసుకున్నారు. రాశాక కెమెరాలో చూసి, తల అడ్డంగా ఊపి, పొడుగాయన్ని వెనక్కి పంపారు, పెద్దసారుని కుడివైపు జరిపారు, ఇంకో ఇద్దరిని అటూ ఇటూ మార్చారు. తర్వాత పుస్తకం చూసుకుని నుదురు కొట్టుకున్నారు.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఇంకా బుద్ధి రాలేదు నాకు. మనుషులు కదలడం అయ్యాక పేర్లు రాయాలి గానీ, ముందు రాసేసుకుంటే ఎట్లా? సారు పేరు పోయి పొడుగుబాబు కింద పడుతుంది."

నా బుర్రలో ఏదో టక్కుమంది.

వెయ్యికి ఆరువందల పన్నెండు సార్లు ఒకే జవాబు. మెషీన్ తడబడి ఉంటే జవాబులు చెల్లాచెదురుగా పడాలి. ఇది తడబడకుండా ఒకే మాట చెప్తోంది. అంటే మెషీన్‌కి తెలుసు. మాకే వినడం రాలేదు.

"ఆగండి!" అని అరుస్తూ వరసలోంచి దూకాను. "మేడమ్, వెళ్ళకండి! ఆ జవాబులో ఒకట్లు ఎన్ని ఉండాలి?"

ఛైర్మన్ మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూశారు. "మూడు."

"మాకూ మూడే వచ్చాయి. చోట్లు వేరు, అంతే. తప్పు మెషీన్‌ది కాదు. నాది."

అందరూ నా వైపు తిరిగారు. ఆమె కూడా.

"చివర్లో క్యూబిట్లని పాత చోట్లకి పంపడం మానేశాం. ఎవరు ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకుంటున్నాం. కానీ జవాబు చదివే ప్రోగ్రామ్ కూడా నేనే రాశాను, నిరుడు. దానికి ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను. అది ఇంకా అందరూ పాత చోట్లలోనే ఉన్నారనుకుని చదువుతోంది. రిహార్సల్లో జవాబు ఏడూ ఒకట్లే కాబట్టి ఎటునుంచి చదివినా ఒకేలా ఉంది. చూసుకోవాల్సింది నేను. చూసుకోలేదు."

"జవాబు తెలిశాక పేర్లు ఎటైనా సర్దుకోవచ్చు బాబూ," అన్నారు ఛైర్మన్ మేడమ్. "అది నేనెలా ఒప్పుకుంటాను?"

ఆవిడన్నదీ నిజమే. అప్పుడు ఆమె ముందుకొచ్చింది.

"ఒప్పుకోవద్దు మేడమ్. ఇంకో కవరు ఇవ్వండి."

"నేను బయల్దేరాలి."

"అరగంట ఇవ్వండి. ఆరేళ్ళ పనికి అరగంట అడుగుతున్నాను."

ఆవిడ వాచీ చూసుకున్నారు. మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. "అరగంట."

నా కుర్చీలో కూర్చున్నాను. ఆమె నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వు రాయి. నేను చూస్తాను," అంది. 'మీరు' ఎప్పుడు పోయిందో ఇద్దరం గమనించలేదు. నేను రాసిన ప్రతి వరసనీ వేలు పెట్టి చదివింది. రెండో వరసలో నా తప్పు పట్టుకుంది కూడా. ఒక్కోసారి ఒక్క క్యూబిట్‌కే ఒకటి పెట్టి, మిగతావాటికి సున్నా పెట్టి, ఒక చిన్న పరీక్ష ఏడుసార్లు నడిపి చూశాం. ప్రతిదీ దాని పేరుకే పలికింది.

కొత్త కవరు తెరిచారు. ఎక్కించాను. గేట్ల సంఖ్య వచ్చింది.

నలభై నాలుగు.

పెద్దసారు కళ్ళు మూసుకున్నారు. ఆమె మూసుకోలేదు. స్క్రీన్ దగ్గరికి వంగి వరసంతా చూసింది.

"మూడోది మధ్యలో కూర్చుంది, చూడు. దాని మీదినుంచి అందరూ దాటుతున్నారు. దాన్ని చివరికి పంపు, ఆరూ ఏడూ జంటని మధ్యకి తీసుకురా."

పంపాను. తెచ్చాను. నలభై రెండు.

"సరిగ్గా అంచు మీద ఉన్నాం," అన్నాను.

"నా మెషీన్ సంగతి నాకు తెలుసు. నడుపు."

మళ్ళీ మూడు నిమిషాలు. ఈసారి చొక్కా కాదు, చెయ్యే పట్టుకుంది, తెలిసే పట్టుకుంది. గీత లేచింది. వెయ్యికి అయిదువందల ఎనభై మూడు.

ఛైర్మన్ మేడమ్ కాగితం విప్పారు. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి స్క్రీన్‌తో పోల్చుకున్నారు. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి చూశారు. తర్వాత కళ్ళజోడు తీసేశారు. తీశాక ఆవిడ ముఖం ఎంత చల్లగా ఉందో అప్పుడు చూశాం.

"ఏడుకి ఏడూ సరిపోయాయమ్మా. స్విచ్ ఎవరూ ఆపరు. ఇంకో రెండేళ్ళకి నా సంతకం పడినట్టే అనుకో."

ఆ తర్వాత గదిలో ఎవరు ఎవర్ని వాటేసుకున్నారో చెప్పడం కష్టం. టెక్నీషియన్ పెద్దసారుని గాల్లోకి ఎత్తేశాడు. ఆయన "దింపరా, దింపరా" అంటూనే నవ్వుతున్నారు. ఆమె మాత్రం కనబడలేదు. వెతికితే డ్రమ్ము వెనక పంపు దగ్గర ఒక్కతే నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. అప్పటిదాకా దాచుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చేసింది.

"నిన్ను కొడదామనుకున్నాను, తెలుసా?" అంది నన్ను చూసి. "తప్పు నీదని తెలిసిన క్షణంలో స్పానర్ ఎక్కడుందా అని చూశాను."

"డబ్బాలో పెట్టాను."

"అందుకే బతికావు." ముక్కు ఎగబీల్చింది. "కానీ ఇంతమంది ముందు, అడక్కుండానే, 'తప్పు నాది' అన్నావు చూడు... నువ్వు నోరు మూసుకుని ఉంటే అందరూ మెషీన్‌నే అనేవాళ్ళు. నన్నే అనేవాళ్ళు. అలా చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు."

ఇక బస్సులేవీ రావని ధైర్యం తెచ్చుకున్నాను.

"ఇంకో మాట కూడా చెప్పాలి. మొదటిరోజు నువ్వు కాగితం పట్టుకుని వచ్చినప్పుడు... అంటే అప్పుడు కాదు, అప్పుడు కోపమొచ్చింది... తర్వాత స్వెట్టర్ రోజు... కాదు, ఆ వానలో... అసలు విషయమేంటంటే, మా అమ్మ కూడా ఎప్పట్నుంచో..."

"ఏం కంపైలర్‌వయ్యా నువ్వు! ఒక్క ముక్క చెప్పడానికి ఇన్ని స్టెప్పులా?"

"నువ్వంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందామనేంత ఇష్టం."

"నాకూనూ," అంది ఆమె, నా చెయ్యి పట్టుకుని. "చూశావా? ఒక్క గేటు."

పంపు మోగుతూనే ఉంది. ఆ చప్పుడులో మా మాటలు ఎవరికీ వినబడవనుకున్నాం. వెనకనుంచి దగ్గు వినబడింది. తిరిగి చూస్తే నాన్నగారు, మెడలో కెమెరాతో.

ఆమె చెయ్యి వదలబోయాను. ఆమె వదలనివ్వలేదు.

"నాన్నా, ఇతను..."

"రెండు వారాలుగా ఇంట్లో వింటూనే ఉన్నాంలే. సర్దుడుగారు అలా అన్నాడు, సర్దుడుగారు ఇలా చేశాడు. మీ అమ్మ అయితే అన్నంలోకి కూర లేకపోయినా సర్దుడుగారి కబుర్లతో సరిపెట్టుకోవచ్చంది." ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశారు, ఫోటోకి వెలుతురు చూసుకున్నట్టు. "ఇంట్లో పెద్దవాళ్ళెవరు బాబూ?"

"అమ్మండీ."

"ఆదివారం మేం వస్తున్నామని చెప్పు. మా అమ్మాయి ఆరేళ్ళలో ఆ డబ్బాని కాకుండా ఇంకొకరిని ఇష్టపడటం ఇదే మొదలు. నేను ఆలస్యం చెయ్యదలుచుకోలేదు."

ఆమె సిగ్గుపడటం ఆ రోజే మొదటిసారి చూశాను. ఫ్రిజ్ మేడమ్ చెవులు ఎర్రబడ్డాయి.

మళ్ళీ అందరూ డ్రమ్ము చుట్టూ చేరారు. ఈసారి కమిటీ వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు, ఛైర్మన్ మేడమ్ కుర్చీలో. నేను అలవాటు ప్రకారం వెనక వరసలో నా చోటుకి వెళ్ళబోయాను.

"అక్కడెందుకు? ఇటు రా," అని నాన్నగారు నన్ను రెక్క పట్టుకుని తెచ్చి, ఆమె పక్కన నిలబెట్టారు. నాలుగడుగులు వెనక్కి నడిచి, కెమెరాలో చూసి తృప్తిగా తలాడించారు. "అదీ! ఇంక అక్కడినుంచి కదలకు బాబూ."

కదిలితే ఒట్టు.